ట్రాన్స్‌ప్లాంటా, లేజర్ హెల్మెటా? ముందు ఉన్న జుట్టు సంగతి చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. వయసు 26, గచ్చిబౌలిలో ఉద్యోగం. నాన్నగారికీ మేనమామకీ బట్టతల. రెండేళ్ళుగా కణతల దగ్గర జుట్టు వెనక్కి పోతోంది, మాడు మీద కూడా పలచబడుతోంది. ఒక క్లినిక్‌వాళ్ళు ట్రాన్స్‌ప్లాంట్ చేసి 3,500 గ్రాఫ్టులు (తల వెనక నుంచి తీసి ముందు నాటే కుదుళ్ళ గుత్తులు) వేస్తాం, లక్షా ఐదు వేలు, ఈ నెలలో అడ్వాన్స్ కడితే తగ్గింపు ఇస్తాం అన్నారు. స్నేహితుడేమో అరవై వేలు పెట్టి లేజర్ హెల్మెట్ (తల మీద ఎర్రటి కాంతి పడే టోపీ) కొన్నాడు, బాగుందంటున్నాడు. ఫిబ్రవరి నుంచి ఇంట్లో సంబంధాలు చూస్తారు. ఈ రెండింట్లో ఏది చేయించుకోవాలి?

నేను చర్మవ్యాధుల డాక్టర్ని. విజయవాడలో 18 ఏళ్ళుగా ప్రాక్టీసు చేస్తున్నాను, అందులో 13 ఏళ్ళుగా ట్రాన్స్‌ప్లాంట్లు కూడా చేస్తున్నాను. సర్జరీ మీద నాకు ఏ వ్యతిరేకతా లేదు, నా సంపాదనలో సగం దాని మీదే వస్తుంది.

సూటిగా చెప్పాలంటే, ఇప్పటికి రెండూ వద్దు. ముందు ఒక మంచి చర్మవ్యాధుల డాక్టరుకి తల చూపించుకుని, బట్టతలే అని తేలితే ఏడాది పాటు మందులు వాడండి. రాలడం ఆగాక, అప్పటికీ కణతలు ఖాళీగా అనిపిస్తే ట్రాన్స్‌ప్లాంట్ గురించి ఆలోచించండి. లేజర్ ఎప్పుడు వాడినా పక్కవాద్యం లాంటిదే, ప్రధాన చికిత్స కాదు.

కారణాలు వివరంగా రాస్తాను. ఓపిగ్గా చదవండి, ఇది మీ తల, మీ డబ్బు.

మగవాళ్ళలో బట్టతల అంటే వెంట్రుక ఊడిపోయి కుదురు ఖాళీ అవడం అనుకుంటారు చాలామంది. జరిగేది వేరు. మన ఒంట్లోని టెస్టోస్టెరాన్ అనే హార్మోనుని ఒక ఎంజైము డీహెచ్‌టీ అనే మరింత బలమైన రూపంలోకి మారుస్తుంది. వంశపారంపర్యంగా ఆ డీహెచ్‌టీకి లొంగే గుణం ఉన్న కుదుళ్ళు వెంట్రుక మొలిచే ప్రతి విడతకీ కాస్త కాస్త కుంచించుకుపోతాయి. లావుగా నల్లగా మొలిచే వెంట్రుక సన్నబడుతుంది, తర్వాత నూగులా మారుతుంది, చివరికి కంటికి కనిపించదు. మా క్లినిక్‌లో తల మీద పెట్టి చూసే చిన్న కెమెరా ఉంటుంది, ట్రైకోస్కోప్ అంటాం. దాన్ని మాడు మీద ఆనిస్తే స్క్రీన్ మీద తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఒకే రంధ్రం నుంచి రెండు మూడు దిట్టమైన వెంట్రుకలు రావలసిన చోట ఒకటే వస్తుంది, దాని పక్కన సాలెగూడు పోగులాంటి సన్నటి నూగు. అదే కెమెరా మెడ పైభాగంలో పెడితే అన్నీ ఒకే లావు. లావూ సన్నం ఇలా కలిసిపోయి ఉంటే అది బట్టతల దారిలో ఉన్నట్టే.

ఆ నూగు వెంట్రుకల్లో చాలా వాటిని ఇంకా వెనక్కి తెచ్చుకోవచ్చు. 26 ఏళ్ళప్పుడు మీ తల మీద అలాంటివి వేలల్లో ఉంటాయి. నలభై దాటాక, అక్కడ చర్మం నున్నగా మెరుస్తున్నాక, వాటిని ఏ మందూ లేపలేదు. అందుకే మీ వయసులో మొదటి డబ్బు ఉన్నదాన్ని నిలబెట్టుకోవడానికి పెట్టమంటాను.

మందులు

నిజంగా పనిచేస్తాయని గట్టి ఆధారం ఉన్నవి ముఖ్యంగా రెండు: ఫినాస్టరైడ్ మాత్ర, మినాక్సిడిల్ లోషన్.

ఫినాస్టరైడ్ వెనక ఒక కథ ఉంది. డొమినికన్ రిపబ్లిక్‌లో ఒక పల్లెలో కొంతమంది పిల్లలు పుట్టినప్పుడు ఆడపిల్లల్లా కనిపించి, ఈడొచ్చేసరికి మగవాళ్ళుగా మారేవారు. 1974లో వాళ్ళ గురించి పరిశోధకులు ప్రచురించారు. టెస్టోస్టెరాన్‌ని డీహెచ్‌టీగా మార్చే ఎంజైము వాళ్ళలో పుట్టుకతోనే తక్కువ. వాళ్ళకి పెద్దయ్యాక ప్రొస్టేట్ గ్రంథి చిన్నదిగానే ఉండేది, బట్టతల రాలేదు. ఆ ఎంజైముని అడ్డుకునే మందు కోసం వెతికితే వచ్చిందే ఇది. అమెరికాలో 1992లో 5 మిల్లీగ్రాముల మాత్ర ప్రొస్టేట్‌కి, 1997లో 1 మిల్లీగ్రాము మాత్ర బట్టతలకి అనుమతి పొందాయి. 18 నుంచి 41 ఏళ్ళ మగవాళ్ళ మీద రెండేళ్ళు జరిపిన పరీక్షల్లో, మాత్ర వేసుకున్నవాళ్ళలో 83 శాతం మందికి వెంట్రుకల సంఖ్య తగ్గలేదు, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో అలా నిలబడింది 28 శాతం మందికే. మాడు మీద బాగా పనిచేస్తుంది, కణతల దగ్గర కాస్త తక్కువ.

భయాల సంగతి కూడా దాచకుండా చెప్పాలి. కోరిక తగ్గడం, అంగస్తంభనలో ఇబ్బంది, వీర్యం తగ్గడం లాంటివి అవే పరీక్షల్లో మాత్ర వాడినవాళ్ళలో 3.8 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో 2.1 శాతం మందికి వచ్చాయి. ఎక్కువమందికి మానేశాక తగ్గిపోతాయి. మానేసినా తగ్గలేదని చెప్పినవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళ మాట కొట్టిపారేయకూడదు. ఆత్మహత్య ఆలోచనలు రావడం ఈ మందు దుష్ప్రభావమేనని 2025లో యూరప్ మందుల నియంత్రణ సంస్థ తేల్చింది. మీకు డిప్రెషన్ ఉన్నా, గతంలో వచ్చినా డాక్టరుకి తప్పకుండా చెప్పండి. కొత్తగా మనసు బాగా కుంగినట్టు అనిపిస్తే మాత్ర ఆపి వెంటనే ఫోన్ చేయండి. పెళ్ళయ్యాక పిల్లల కోసం ప్రయత్నించే రోజుల్లో ఆలస్యమవుతుంటే వీర్యపరీక్ష చేయించుకుని కొన్నాళ్ళు మానేయమంటాను, ఎందుకంటే కొందరిలో వీర్యకణాలు తగ్గుతాయి, మానేశాక కోలుకుంటాయి. గర్భంతో ఉన్న ఆడవాళ్ళు విరిగిన మాత్రని చేత్తో ముట్టుకోకూడదు. రక్తదానం అలవాటుంటే బ్లడ్ బ్యాంకులో ఈ మందు గురించి చెప్పండి, మానేసిన నెల దాకా ఇవ్వకూడదు. నలభై దాటాక పీఎస్ఏ (ప్రొస్టేట్ కోసం చేసే రక్తపరీక్ష) చేయించుకుంటే ఆ డాక్టరుకి కూడా చెప్పాలి, ఈ మందు ఆ అంకెని సగానికి తగ్గించి చూపిస్తుంది.

ఇన్ని చదివి బెదిరిపోకండి. నా దగ్గర ఈ మాత్ర ఎనిమిది, పదేళ్ళుగా వాడుతూ, పిల్లల్ని కని, హాయిగా ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇష్టం లేదంటే ఎవరినీ బలవంతపెట్టను. మెడికల్ షాపులో అడిగి సొంతంగా మాత్రం మొదలుపెట్టకండి.

మినాక్సిడిల్ మొదట బీపీ మాత్ర. అది వాడినవాళ్ళకి ఒళ్ళంతా జుట్టు మొలవడం చూసి లోషన్‌గా మార్చారు, 1988లో అమెరికాలో అనుమతి వచ్చింది. మగవాళ్ళకి 5 శాతం లోషన్ ఒక మిల్లీలీటరు చొప్పున రోజుకి రెండుసార్లు. ఇక్కడ మనవాళ్ళు చేసే పొరపాట్లు రెండు. ఒకటి, వెంట్రుకలకి రాస్తారు. పాపిట తీసి చర్మానికి రాయాలి. రెండోది, రాత్రి తలకి కొబ్బరినూనె పట్టించి దాని మీద లోషన్ వేస్తారు. నూనె పొర మీద అది చర్మంలోకి దిగదు. నూనె రాసుకోవాలంటే తలంటుకునే ముందు ఒక గంట రాసుకోండి, చాలు.

ఇంకో ముఖ్యమైన సంగతి. మొదలుపెట్టిన రెండో వారం నుంచి రెండు నెలల దాకా జుట్టు ఇంకా ఎక్కువ రాలవచ్చు. విశ్రాంతిలో ఉన్న పాత వెంట్రుకల్ని కొత్తవి నెట్టుకుంటూ వస్తాయి కాబట్టి. ఈ మాట ముందే చెప్పకపోవడం వల్ల ఎంతమంది నెలకే మానేస్తారో! ఒకబ్బాయి, గుంటూరు నుంచి వచ్చేవాడు, రాలిన వెంట్రుకలు రోజూ లెక్కపెట్టి పేపర్లో పొట్లం కట్టి తెచ్చాడు, తేదీలు వేసి మరీ. ఐదో వారం పొట్లం అన్నిటికంటే పెద్దది. అతను మందు మానేయకుండా ఇంకో మూడు నెలలు ఆపడానికి నేను పడ్డ పాట్లు నాకే తెలుసు. ఏడో నెలలో వచ్చినప్పుడు పొట్లాలు తేలేదు, దువ్వెన తెచ్చి చూపించాడు.

మినాక్సిడిల్‌ని తక్కువ మోతాదులో మాత్రగా కూడా ఇస్తున్నాం ఈమధ్య. లోషన్‌తో దురద, పొట్టు వచ్చేవాళ్ళకి బాగానే ఉంటుంది. అయితే కాళ్ళవాపు, గుండెదడ రావచ్చు. బీపీ, గుండె సంగతి చూడకుండా రాసిచ్చే మందు కాదు. ఇంట్లో పిల్లి ఉంటే లోషన్ దానికి అందకుండా, దిండు గలీబుకి అంటకుండా చూసుకోండి. పిల్లికి అది ప్రాణాంతకం.

డ్యూటాస్టరైడ్ గురించి కూడా మీరు వినే ఉంటారు. ఫినాస్టరైడ్ కంటే బలమైనదే. దక్షిణ కొరియాలో 2009లో బట్టతలకి అనుమతించారు. ఒంట్లో నెలల తరబడి ఉండిపోతుంది కాబట్టి పెళ్ళి కావలసిన అబ్బాయికి నేను మొదటి మందుగా ఇవ్వను.

ఖర్చు చూడండి. రెండూ కలిపి నెలకి వెయ్యి, పన్నెండు వందలు దాటదు. ఏడాదికి పదిహేను వేలలోపే. ఫలితం ఆరు నెలలకి కనిపించడం మొదలవుతుంది, ఏడాదికి అసలు సంగతి తెలుస్తుంది. మానేస్తే మాత్రం వచ్చింది వచ్చినట్టే పోతుంది. ఇది బీపీ మందు లాంటిది, ఒక కోర్సు వాడి వదిలేసేది కాదు.

ట్రాన్స్‌ప్లాంట్: నారు ఎంతుందో చూసుకుని నాట్లు వేయాలి

న్యూయార్క్‌లో నార్మన్ ఓరెన్‌ట్రైక్ అనే డాక్టర్ 1952లో మొదటిసారి బట్టతలకి ఈ ఆపరేషన్ చేశాడు, 1959లో దాని గురించి ప్రచురించాడు. ఆయన గమనించింది ఏమిటంటే, తల వెనక నుంచి తీసిన కుదురుని ముందు నాటినా అది వెనకటి గుణమే చూపిస్తుంది, డీహెచ్‌టీకి లొంగదు. ఈ ఆపరేషన్ మొత్తం ఈ ఒక్క సూత్రం మీదే నిలబడి ఉంది.

మన రైతుల భాషలో ఇది వరినాటు. తల వెనక భాగం నారుమడి, ముందు భాగం పొలం. ఒక్క తేడా ఉంది, అదే అన్నిటికంటే ముఖ్యం. రైతు కావాలంటే మళ్ళీ నారు పోసుకుంటాడు. తల వెనక నారు ఒక్కసారే పోశారు, పీకిన చోట మళ్ళీ మొలవదు.

లెక్క వేసి చూపిస్తాను. బట్టతల పూర్తిగా ముదిరితే ఖాళీ అయ్యే చోటు సుమారు 200 చదరపు సెంటీమీటర్లు. మామూలు తలలో చదరపు సెంటీమీటరుకి సుమారు 80 కుదుళ్ళ గుత్తులు ఉంటాయి, ఒక్కో గుత్తిలో ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలు. అంటే పోయినవి 16,000 గుత్తులు. వెనక నుంచి జీవితకాలం మొత్తంలో, ఆ భాగం పలచబడకుండా తీయగలిగింది మంచి డోనర్ (కుదుళ్ళు తీసే తల వెనక భాగం) ఉన్నవాళ్ళకి కూడా ఐదారు వేలు. దుప్పటి చిన్నది, కాళ్ళు పొడుగు. కాబట్టి దాన్ని ఎక్కడ కప్పాలో, ఎప్పుడు కప్పాలో తెలిసినవాడే మంచి సర్జన్. మీ తలలో 26 ఏళ్ళకే 3,500 వాడేస్తే, 40 ఏళ్ళప్పుడు మాడు మొత్తం పోయాక మిగిలేది ఎంత?

నేను చేసిన ఒక తప్పు చెప్తాను, ఇప్పటికీ మనసులో మెదులుతుంది. నేను సర్జరీ మొదలుపెట్టిన రెండో ఏడు. 23 ఏళ్ళ కుర్రాడు, పెళ్ళి కుదిరింది, నుదురు చిన్నగా కావాలని పట్టుబట్టాడు. మందులు వాడనన్నాడు. నేను సరేనన్నాను. హెయిర్‌లైన్ (నుదుటి మీద జుట్టు మొదలయ్యే గీత) కిందికి, గుండ్రంగా, స్కూలు పిల్లాడికి ఉన్నట్టు వేశాను. ఏడాదికి చాలా అందంగా వచ్చింది, ఫొటోలు అందరికీ చూపించుకున్నాను. ఎనిమిదేళ్ళ తర్వాత వచ్చాడు. ముందు నేను నాటిన పట్టీ అలాగే దట్టంగా ఉంది, దాని వెనక అతని సొంత జుట్టు మొత్తం పోయింది. గట్టు మీద గడ్డి, వెనక ఎండిన చెరువు. వెనక డోనర్‌లో మిగిలింది వెయ్యికి మించి లేదు. టోపీ తీయకుండా కూర్చున్నాడు చాలాసేపు. అప్పటినుంచి 25 ఏళ్ళలోపు వాళ్ళకి, మందులు వాడి ఏడాది నిలకడగా ఉందని చూడకుండా నేను సర్జరీ చేయడం మానేశాను.

మీ విషయంలో ఇంకో ఆచరణ ఇబ్బంది ఉంది. నాటిన వెంట్రుకలు రెండు నుంచి ఆరు వారాల్లో దాదాపు అన్నీ రాలిపోతాయి. కుదురు లోపల ఉంటుంది, మూడు నాలుగు నెలలకి సన్నగా మొలవడం మొదలవుతుంది, చూడటానికి బాగుండేసరికి తొమ్మిది నెలల నుంచి ఏడాది. మాడు మీద ఇంకా ఆలస్యం. దీనికి తోడు చుట్టుపక్కల ఉన్న సొంత నూగు వెంట్రుకలు ఆ దెబ్బకి కొన్ని రాలిపోతాయి. మీవి ఇంకా సగం బతికున్న వెంట్రుకలు కదా, వాటి మధ్య నాటితే కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది. పెళ్ళిచూపుల కోసం చేయించుకుని, సరిగ్గా పెళ్ళిచూపుల వేళకి ముందుకంటే పలచగా, నుదురు ఎర్రగా ఉండి బాధపడినవాళ్ళని చూశాను.

మరి ఎవరికి బాగుంటుంది? ఒక హైస్కూలు మాస్టారు, 44 ఏళ్ళు. ముందు భాగం పదేళ్ళుగా ఒకేలా ఆగిపోయి ఉంది, వెనక జుట్టు దిట్టం, ఆశ కూడా మితం. 2,100 గ్రాఫ్టులు, హెయిర్‌లైన్ కాస్త పైకి, కణతల దగ్గర వయసుకి తగ్గ ఖాళీ వదిలి వేశాం. ఆయన పిల్లలకి తప్ప ఎవరికీ తెలియలేదు. ఇలాంటివాళ్ళకి నేను నిస్సంకోచంగా చేయించుకోమంటాను. ఏ మందూ ఇవ్వలేని ఫలితం అది.

పద్ధతుల పేర్ల దగ్గర తికమకపడకండి. వెనక నుంచి ఒక చర్మపు పట్టీ కోసి, దాన్ని విడగొట్టి నాటితే ఎఫ్‌యూటీ, గీతలాంటి మచ్చ ఉంటుంది. మిల్లీమీటరు లోపు పంచ్‌తో ఒక్కొక్కటీ తీస్తే ఎఫ్‌యూఈ, చుక్కల్లాంటి మచ్చలు చెదిరి ఉంటాయి. మిగతా పేర్లన్నీ, డీహెచ్ఐ అనండి, సఫైర్ అనండి, పెన్నూ బ్లేడూ తేడాలే. ఎవరి చేతుల్లో ఆ పెన్ను ఉందన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుంది.

అందుకే ఏ క్లినిక్‌కి వెళ్ళినా ఇవి అడగండి. మత్తు ఇంజెక్షన్ ఎవరిస్తారు, కన్నాలు ఎవరు చేస్తారు, డాక్టరు ఎన్ని గంటలు గదిలో ఉంటారు? గ్రాఫ్టులు అంటున్నారా, వెంట్రుకలు అంటున్నారా? ఒక గ్రాఫ్టులో సగటున రెండు వెంట్రుకలు, ఈ రెండు మాటలు కలిపేసి అంకె పెంచేవాళ్ళున్నారు. వెనక డోనర్‌ని కెమెరాతో కొలిచారా, వాట్సాప్ ఫొటో చూసి 3,500 చెప్పారా? మీ మెసేజీలో ఆ పరీక్ష ప్రస్తావనే లేదు, అందుకే అడుగుతున్నాను. జాతీయ వైద్య కమిషన్ 2022 సెప్టెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో, వర్క్‌షాపులో చూసో యూట్యూబ్‌లో చూసో నేర్చుకున్నది శిక్షణ కిందికి రాదని స్పష్టంగా రాసింది.

ఇది చిన్న ఆపరేషనే, కానీ ఆపరేషనే. తల మొత్తం తిమ్మిరెక్కించే మందు, లిగ్నోకైన్, అడ్రినలిన్ కలిపి ఇచ్చినా కిలో బరువుకి 7 మిల్లీగ్రాములు దాటకూడదు. 70 కిలోల మనిషికి 2 శాతం మందు సుమారు 24 మిల్లీలీటర్లు. ఒకేరోజు ఎన్నెన్నో గ్రాఫ్టులు వేయాలన్న తొందరలో ఈ లెక్క తప్పితే ఫిట్స్ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు. బీపీ మానిటర్, ఆక్సిజన్, అత్యవసర మందులు లేని గదిలో పడుకోకండి. తగ్గింపు గడువు పెట్టి తొందరపెట్టేచోట ఇవి అడగడానికి కూడా మొహమాటపడతారు, అదే నా బాధ.

లేజర్ హెల్మెట్, దువ్వెన, టోపీ

1967లో హంగరీలో ఎండ్రే మెస్టర్ అనే డాక్టర్ ఎలుకల వీపు గొరిగి రూబీ లేజర్ పెట్టి చూస్తే, లేజర్ పడినవాటికి జుట్టు త్వరగా మొలిచింది. అక్కడినుంచి వచ్చిన ఆలోచన ఇది. ఇప్పటి పరికరాలు 650 నానోమీటర్ల దగ్గరి ఎర్రటి కాంతి వాడతాయి. వేడి పుట్టదు, నొప్పి ఉండదు. కుదుళ్ళ కణాల్లో శక్తి తయారయ్యే భాగాలు ఆ కాంతిని పీల్చుకుని చురుకవుతాయని వివరణ.

పనిచేస్తుందా అంటే, కొంత. 2007లో అమెరికా మందుల, పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నుంచి క్లియరెన్స్ పొందిన లేజర్ దువ్వెన మీద జరిగిన పరీక్షల్లో 26 వారాలకి చదరపు సెంటీమీటరుకి సుమారు 20 వెంట్రుకలు పెరిగాయి. అంతకుముందు వంద, నూటయాభై ఉన్నచోట ఇరవై అంటే ఉన్నట్టు తెలుస్తుంది, తల నిండినట్టు అనిపించదు. ఆ పరీక్షలకి డబ్బు పెట్టింది తయారుచేసిన కంపెనీయే. క్లియరెన్స్ అన్న మాట కూడా అర్థం చేసుకోవాలి. కొత్త మందుకి ఇచ్చే అనుమతి స్థాయిది కాదు. పాత పరికరాలకి ఇది సమానం, ప్రమాదం లేదు అని చెప్పడం దాని ముఖ్య ఉద్దేశం.

నేను లేజర్ చెప్పేది ఎవరికంటే, మాత్ర పడనివాళ్ళకి, వేసుకోకూడనివాళ్ళకి, మందులు వాడుతూ ఇంకాస్త తోడు కావాలనుకునేవాళ్ళకి. వారానికి మూడుసార్లు, ఏళ్ళ తరబడి పెట్టుకునే ఓపిక ఉండాలి. నున్నటి బట్టతల మీద ఏ హెల్మెటూ పనిచేయదు. ఆన్‌లైన్‌లో మూడు నాలుగు వేలకి అమ్మే ఎర్ర లైట్ల టోపీల్లో ఏ తరంగదైర్ఘ్యం ఉందో, ఎంత శక్తి ఉందో రాసి కూడా ఉండదు. మీ స్నేహితుడు హెల్మెట్‌తో పాటు లోషన్ కూడా వాడుతున్నాడేమో ఒకసారి అడిగి చూడండి. నా దగ్గరికొచ్చి లేజర్‌ని మెచ్చుకున్నవాళ్ళలో ఎక్కువమంది రెండూ వాడుతున్నవాళ్ళే.

పీఆర్‌పీ గురించి మీరు అడగలేదు కానీ, వెళ్ళిన ప్రతిచోటా దాన్ని అంటగడతారు. మీ రక్తమే తీసి, తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగాన్ని తలలోకి ఇంజెక్ట్ చేస్తారు. నెలకొకటి చొప్పున మూడు, తర్వాత ఆరు నెలలకొకటి. కొందరిలో వెంట్రుక లావెక్కుతుంది, నేనూ చేస్తాను. ఒక్కోచోట ఒక్కో పద్ధతిలో తయారుచేస్తారు కాబట్టి ఫలితం ఇంతని గట్టిగా చెప్పలేం. మందులు వాడకుండా పీఆర్‌పీ ఒక్కటే చేయించుకోవడం డబ్బు దండగ.

మీ ఇంట్లో వినిపించే మాటలు

అమ్మగారు తిరుపతిలో గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందంటున్నారని రాశారు. మొక్కుంటే తప్పకుండా తీర్చుకోండి. ఒత్తుదనం మాత్రం రాదు. కత్తితో కోసిన వెంట్రుక కొన మొద్దుగా ఉండి చేతికి గరుకుగా తగులుతుంది, అందుకే లావెక్కినట్టు అనిపిస్తుంది. కత్తి కుదురు దాకా వెళ్ళదు. ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకున్నాక తలనీలాలు ఇవ్వొచ్చా అని నన్ను చాలామంది అడుగుతారు. ఇవ్వొచ్చు, ఏడాది ఆగి ఇవ్వమంటాను. నాటినవి కూడా మళ్ళీ మొలుస్తాయి.

హైదరాబాద్ బోరు నీళ్ళ వల్ల బట్టతల రాదు. ఉప్పు నీళ్ళకి వెంట్రుక గరుకెక్కి చిక్కుపడి తెగుతుంది, కుదురుకి ఏమీ కాదు. ఊరు మారిన వయసూ బట్టతల మొదలయ్యే వయసూ ఒకటే కావడం వల్ల నింద నీళ్ళ మీద పడుతోంది. బయోటిన్ మాత్రలు లోపం ఉన్నవాళ్ళకే ఉపయోగం, ఆ లోపం చాలా అరుదు. పైగా ఎక్కువ మోతాదు బయోటిన్ వల్ల థైరాయిడ్ రిపోర్టు తప్పుగా వస్తుంది.

ఇవేవీ వర్తించని సందర్భాలు

పైన చెప్పిందంతా బట్టతల అని నిర్ధారణ అయితేనే. డెంగీ, టైఫాయిడ్ లాంటి జ్వరం, ఆపరేషన్, తిండి బాగా తగ్గించి బరువు దించడం, వీటి తర్వాత రెండు మూడు నెలలకి గుప్పెళ్ళతో జుట్టు ఊడుతుంది. ఆర్నెల్లలో దానంతటదే సర్దుకుంటుంది. గుండ్రంగా నాణెం అంత మేర ఊడిపోతే అది పేనుకొరుకుడు. పేను కొరకడం వల్ల కాదు, మన రోగనిరోధక శక్తే కుదుళ్ళ మీద దాడి చేయడం వల్ల. దానికి గురువింద గింజ అరగదీసి రాయకండి, ఆ గింజ విషం, చర్మం పుండు పడిన కేసులు చూశాను. దురద, మంట, ఎరుపు ఉండి, జుట్టు పోయినచోట రంధ్రాలు కూడా కనిపించకపోతే మచ్చపడే రకం కావచ్చు. అందులో నాటితే నాటినవి కూడా చస్తాయి. ఆ నిర్ధారణ కోసం చర్మం ముక్క తీసి పరీక్షించాలి.

ఈ జవాబు చదివే ఆడపిల్లలకి ఒక మాట. మీకు ఈ వరుస పనికిరాదు. ముందు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), థైరాయిడ్, నెలసరి క్రమం తప్పుతుంటే పీసీఓఎస్ (అండాశయాలకి సంబంధించిన హార్మోన్ల సమస్య) చూడాలి. గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్ళు ఫినాస్టరైడ్ వాడకూడదు. కాన్పు తర్వాత మూడో నెలలో రాలే జుట్టు తిరిగి వస్తుంది, దానికి పీఆర్‌పీ ప్యాకేజీలు కట్టకండి.

ఇక ఫిబ్రవరి సంగతి. అప్పటికి కనిపించే మార్పు కావాలంటే జుట్టు పొట్టిగా, పక్కలు ఇంకా పొట్టిగా కత్తిరించుకోండి. పొడుగు పెంచి ముందుకి దువ్వితే ఖాళీ ఇంకా బయటపడుతుంది. ఫొటోల రోజున మాడు మీద హెయిర్ ఫైబర్ పొడి చల్లుకోవచ్చు, తప్పేం లేదు, తలంటుకుంటే పోతుంది. మాత్ర మొదలుపెడితే, సంబంధం కుదిరాక ఆ అమ్మాయికి మీరే చెప్పండి. దాచి వాడినవాళ్ళ కంటే చెప్పి వాడినవాళ్ళే నా దగ్గర ఎక్కువకాలం కొనసాగారు.

ఈ ఆదివారం ఒక పని చేయండి. తల ఆరాక, ఒకే ట్యూబ్‌లైటు కింద, నుదురు, రెండు కణతలు, మాడు, వెనక, ఐదు ఫొటోలు తీయించి తేదీతో దాచండి. మళ్ళీ మూడు నెలలకోసారి అదే లైటు, అదే దూరం. అద్దం రోజూ ఒక్కో మాట చెప్తుంది, దాన్ని నమ్మకండి. ట్రైకోస్కోపీ చేయించుకున్నాక వెనక డోనర్ సాంద్రత ఎంతన్నారో, మాడు మీద సన్న వెంట్రుకలు ఎంత శాతం అన్నారో ఇక్కడ రాయండి. ఆ రెండు అంకెలు తెలిస్తే ఏడాది తర్వాత మీకు ఎన్ని గ్రాఫ్టులు అవసరమో, అసలు అవసరమో కాదో కొంత ఖచ్చితంగా చెప్పగలను.